తొమ్మిదో మేకు దగ్గర పరుగుపిట్ట

మార్చి 24, మంగళవారం

నాకే ఇచ్చారు! తూర్పు వైపు పన్నెండు మేకులూ నావే!

మిమూన్‌కి చెబుదామని అంగడికి పరిగెత్తాను. మా ఆయన బొగ్గుల మీద మాంసం కాలుస్తూ వెనక్కి కూడా తిరగలేదు. మీసంలో ఏదో గొణిగాడు. పన్ను పీకించుకున్నప్పటి నుంచి ఆయన మాట అలాగే తయారైంది. పోనీ, ఈ నోటుబుక్కుకే చెప్పుకుంటాను.

మా ఉమ్మడి భూమిని ఆపిల్ తోటలకు కౌలుకి అడుగుతున్నారు. పరుగుపిట్ట కాపురముండే మేర మాత్రం దున్నకూడదని షరతు. అందుకని లెక్క. మెక్నేస్ నగరం నుంచి ఇబ్తిసామ్ అనే పరిశోధకురాలు వచ్చి మైదానమంతా ఎర్ర రంగు పూసిన ఇనుప మేకులు దిగ్గొట్టింది. పడమటి పన్నెండూ ఆమెవి. ఒక్కో మేకు దగ్గర వెలుగు రాకముందే పది నిమిషాలు నిలబడి, ఎన్ని గొంతులు వినిపిస్తే అన్ని కాగితం మీద వేయాలి. ఆ పిట్ట గొంతు తెలిసినవాళ్ళు ఎవరున్నారని ఆమె ఊళ్ళో అడిగితే, అందరూ చెప్పింది ఒకటే పేరట. యామ్నా టీచరు.

తెలియక ఏం! ఎనిమిదేళ్ళప్పుడు మా నాన్న నన్ను గొర్రెల మధ్య నిలబెట్టి, నా కళ్ళు తన చేత్తో మూసి, "విను" అనేవాడు. ఇక్కడి పిట్టలన్నీ ఒకే మట్టి రంగు. హల్ఫా గడ్డిలో దూరితే ఏది ఏదో దేవుడికే తెలియాలి. గొంతుతో అయితే పొరబడే పని లేదు. మొదట సన్నగా రెండు చుక్కలు, చివర ముక్కుతో లాగినట్టు పైకి పోయే ఈల. ఇప్పటికీ తలుచుకుంటే చెవిలో మోగుతుంది.

బడి సెలవు కూడా కలిసొచ్చింది. "నెల రోజులు విశ్రాంతి తీసుకోండి మేడమ్. పిల్లల తల్లిదండ్రులు కాస్త…" అని హెడ్‌మాస్టరు మధ్యలో ఆపేశాడు. ఆపితే ఆపనీ. ఈ కాలం పిల్లలు మాట నోట్లోనే నమిలి మింగేస్తారు. అది నా తప్పా?

మార్చి 26, గురువారం

మొదటి నాలుగు మేకులు. గడ్డి మీద మంచు గడ్డకట్టి, అడుగు వేస్తే అప్పడాలు విరిగినట్టు విరుగుతోంది. ఆకాశం వంకాయ రంగు. ప్రాణం లేచొచ్చింది!

పిట్టలు మాత్రం పలకలేదు. గాలి ఎక్కువ. నాలుగు చోట్లా సున్నా. అటువైపు ఇబ్తిసామ్‌కి అయిదు వచ్చాయట. పడమటి వైపు పల్లం కదా, గాలి తగలదు.

మార్చి 27

సున్నా.

మార్చి 29, ఆదివారం

సున్నా, సున్నా, సున్నా. అయాషి కొండ మీద మళ్ళీ మంచు పడింది. తూర్పు వైపు చలి ఎక్కువ, ఈ ఏడు పాట ఆలస్యమవుతుంది. ఇబ్తిసామ్‌కి అదే చెప్పాను. తలూపింది. బిడ్డ మర్యాదస్థురాలు. నన్ను "పిన్నీ" అని పిలుస్తుంది. గొంతు మరీ మెత్తన.

మధ్యాహ్నం మిమూన్‌తో పోట్లాట. అంగట్లో ఉల్లిపాయలు తరుగుతుంటే వెనక నుంచి ఏదో అడిగాడట, నేను పలకలేదట. "మూడుసార్లు పిలిచాను!" అని అరిచాడు. అరిస్తే వినపడదా మరి? మొదటే అలా పిలవొచ్చుగా.

ఏప్రిల్ 1, బుధవారం

చూశాను! చెవితో కాదు, కంటితో! పదకొండో మేకు దగ్గర!

అప్పుడే పొద్దు పొడుస్తోంది. మేకుకి ఇరవై అడుగుల దూరంలో గడ్డి దుబ్బుల మధ్య నడుస్తోంది. ఒళ్ళంతా మట్టి రంగు, ఛాతీ మీద గీతలు, ముక్కు పొడుగ్గా, చివర కిందికి వంగి ఉంది. పొడుగు ముక్కంటే పరుగుపిట్టే! ఇబ్తిసామ్ ఇచ్చిన కెమెరాతో నాలుగు ఫొటోలు తీశాను. కాగితం మీద "1" వేశాను. ఎంత అందంగా ఉందో ఆ ఒకటి!

తర్వాత

అది పరుగుపిట్ట కాదు.

ఇబ్తిసామ్ ఫొటోని పెద్దది చేసి చూసింది. తర్వాత నా ఎదురుగా కూర్చుని మెల్లగా చెప్పింది. "పిన్నీ, ఇది జుట్టుపిట్ట."

"జుట్టుపిట్టలు నాకు తెలియవా? రోడ్డు మీద కార్ల కింద పడేంత దగ్గరగా తిరుగుతాయి. దాని ముక్కు పొట్టిది!"

"ఊళ్ళో తిరిగేవి పొట్టి ముక్కువి. ఈ మైదానం మీద పొడుగు ముక్కు జుట్టుపిట్టలు కూడా ఉన్నాయి. నేనూ మొదటి ఏడాది ఆరుసార్లు మోసపోయాను. ఇదిగో, నెత్తి వెనక చూడండి."

చూశాను. జుట్టు వెనక్కి దువ్వి అణిచినట్టు ఉంది. చివర ఒక్క వెంట్రుక లేచి ఉంది, అంతే. నాలుగో ఫొటోలో పిట్ట ఎగురుతోంది. విప్పిన తోకకి రెండు అంచులూ లేత ఇటుక రంగు.

"పరుగుపిట్టకి ఆ అంచులు తెల్లగా ఉంటాయి. అసలు అది ఇంత సులువుగా ఎగరదు పిన్నీ. పరిగెడుతుంది."

ఒకటి కొట్టేసి సున్నా వేశాను. సిగ్గేసింది. కానీ ఒక మాట ఇక్కడ రాసుకోవాలి. సిగ్గు కన్నా ఉత్సాహమే ఎక్కువైంది! యాభై మూడేళ్ళు ఈ పిట్టల మధ్య బతికి, వాటి ముఖం ఒక్కసారీ సరిగ్గా చూడలేదు నేను!

ఏప్రిల్ 3, శుక్రవారం

రెండు రోజులుగా అన్నం ధ్యాస లేదు. బడి పిల్లల పాత లెక్కల కాపీల వెనక బొమ్మలు వేస్తున్నాను. ఇబ్తిసామ్ చెప్పినవీ, నేను చూసి కనిపెట్టినవీ.

జుట్టుపిట్ట నిలబడితే కూర్చున్నట్టే ఉంటుంది, బద్ధకం. పరుగుపిట్టకి కాళ్ళు పొడుగు, మెడ సన్నం. ఆగినప్పుడు ఎవరో పిలిచినట్టు నిటారుగా నిలబడుతుందట. నెత్తి మధ్యలో పాపిడి తీసినట్టు లేత గీత. జుట్టుపిట్టకి పాపిడి లేదు, కొప్పే. మనిషి కనబడితే జుట్టుపిట్ట ఎగిరి నాలుగు గజాల్లో వాలి మళ్ళీ మనవైపే చూస్తుంది. పరుగుపిట్ట దుబ్బు వెనక నుంచి దుబ్బు వెనక్కి జారిపోతుంది.

మిమూన్‌కి బొమ్మలు చూపించాను. "రెండూ ఒకటే కదే!" అన్నాడు. ఒక గంట పాఠం చెప్పాను. చివరికి ఉల్లిపాయ తొక్కతో జుట్టు పెట్టుకుని "నేనేంటి?" అని అడిగాడు. అంగట్లో లారీ డ్రైవర్లందరూ నవ్వారు.

లెక్క: ఈ రోజూ సున్నా.

ఏప్రిల్ 5, ఆదివారం

భూముల సంఘంలో మా అందరి తరఫున మాట్లాడే నాయిబ్ బాస్సూ అంగడికి వచ్చాడు. రెండు పళ్ళేలు తిని వేళ్ళు తుడుచుకున్నాడు.

"టీచరమ్మా, పడమట పద్ధెనిమిది పిట్టలు. తూర్పున నీ లెక్క మొత్తం సున్నా. అంతేనా?"

"ఇప్పటికి అంతే."

"మంచిది. శుక్రవారం సంఘం కూర్చుంటుంది. తూర్పు సగం కౌలుకి ఇచ్చేస్తాం. నీ సంతకం కావాలి."

సున్నా అంటే సున్నాయే. నేను కల్పించి రాస్తానా?

ఏప్రిల్ 7, మంగళవారం

సరిచూడటానికి ఇబ్తిసామ్ నాతో తొమ్మిదో మేకు దగ్గరికి వచ్చింది. ఇద్దరం పక్కపక్కన నిలబడ్డాం. రెండో నిమిషంలో ఆమె నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. ముఖమంతా వెలిగిపోయింది. ఎడమకి చూపించింది. తర్వాత కుడికి. తర్వాత సూటిగా ముందుకి. మూడు వేళ్ళు ఎత్తింది.

నేనూ నవ్వాను. తలూపాను. "3" వేశాను.

గాలి ఎక్కువగా ఉంది.

గాలి లేదు. గడ్డిపోచ కదల్లేదు.

ఏప్రిల్ 8, బుధవారం

మైదానానికి వెళ్ళలేదు. పొద్దున అలారం గడియారాన్ని అయిదు నిమిషాల తర్వాతకి తిప్పి, బల్ల మీద పెట్టి, ఎదురుగా కూర్చున్నాను. ముల్లు చేరుకుంది. గడియారం బల్ల మీద వణికింది. వణుకుతూ అంచు దాకా జరిగింది.

మిమూన్ చెవులు మూసుకుంటూ వచ్చి దాన్ని ఆపాడు. నా ముఖం చూసి కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"తెలిసిందా?" అన్నాడు.

"నీకెప్పటి నుంచి తెలుసు?"

"పోయిన పండగ నుంచి. లావు గొంతులు వినబడతాయి నీకు. సన్నవి రావట్లేదు. ఆడపిల్లలు మాట్లాడితే రావట్లేదు."

"మరి చెప్పలేదేం! నెలల తరబడి నన్ను పిచ్చిదాన్ని చేస్తావా?"

"చెప్పాను యామ్నా. మూడుసార్లు చెప్పాను." అన్నం మెతుకు ఏరినంత జాగ్రత్తగా నా చెంప మీది వెంట్రుక తీశాడు. "నీకు వినపడలేదు."

నవ్వొచ్చింది. నవ్వుతూ మొదలుపెట్టి ఏడ్చాను. ఆయన అంగడి తెరవడం గంట ఆలస్యం చేశాడు.

పన్నెండు మేకులు. రెండు వారాల సున్నాలు. అవి పిట్టల సున్నాలు కావు. నావి.

ఏప్రిల్ 9

ఇబ్తిసామ్‌కి చెప్పేశాను. ఆమె కోప్పడుతుందని బిగుసుకుని కూర్చున్నాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుని, పెదవులు విడివిడిగా కదుపుతూ మాట్లాడింది. "నాకు మొన్న అనుమానం వచ్చింది పిన్నీ. నేను చూపించిన తర్వాతే మీరు తలూపారు. అడిగే ధైర్యం లేకపోయింది."

మళ్ళీ లెక్క పెట్టడానికి రోజులు లేవు. రేపే సంఘం. "నేను చెబుతాను, మీ పేరు రాకుండా" అంది.

నా పేరు రాకుండా ఎలా? ఆ కాగితాల మీద ఉన్నది నా పేరే. సంఘంలో బడి పిల్లల తల్లిదండ్రుల కమిటీ కార్యదర్శి కూడా కూర్చుంటాడు. చెబితే బడి పోవచ్చు. చెప్పకపోతే తొమ్మిదో మేకు మీదుగా ట్రాక్టరు పోతుంది. ఇంతే రాస్తున్నాను. ఇంకా రాస్తే మనసు మారుతుందేమోనని భయం.

ఏప్రిల్ 10, శుక్రవారం

చెప్పాను!

నమాజు తర్వాత ముప్పైమంది మగవాళ్ళు, నేను, ఇబ్తిసామ్. నాయిబ్ బాస్సూ కాగితం నా ముందుకి తోశాడు. నేను లేచి నిలబడ్డాను. "ఈ లెక్క తప్పు. నాకు సన్నటి శబ్దాలు వినపడటం లేదు. ఇవి చెవిటిదాని సున్నాలు. సంతకం పెట్టను."

ఒక్కసారిగా అందరి నోళ్ళూ కదిలాయి. ఎవరేమన్నారో తెలియలేదు, అది కూడా మంచిదే. వెనక నుంచి ఒకడి బండ గొంతు మాత్రం తెలిసింది. "చెవులు లేనిదానికి పిట్టల లెక్క ఎవడిచ్చాడ్రా!"

ఇబ్తిసామ్ తొమ్మిదో మేకు దగ్గర తాను విన్నది చెప్పింది. ఫోన్‌లో రికార్డు చేసిన పాట వినిపించింది. నాయిబ్ చెయ్యి అడ్డంగా ఊపాడు.

"ఫోన్‌లో పాట ఎక్కడిదైనా కావచ్చమ్మా. రెండు వారాలు మాకు సున్నా అని చెప్పి, ఇవాళ మూడు అంటారు. కౌలు డబ్బు కోసం ఎదురుచూసేవాళ్ళకి నేనేం చెప్పను?" నా వైపు తిరిగి గొంతు పెంచాడు. "టీచరమ్మా! నువ్వు చెప్పినందుకు నీ మీద గౌరవం పెరిగింది. కానీ నాకు పిట్ట కావాలి. సోమవారం పొద్దున నేనే వస్తాను. నా కళ్ళకి చూపించు. చూపించలేకపోతే సంతకం పెట్టేస్తాను."

"చూపిస్తాను!" అన్నాను. ఎలాగో తెలియకుండానే అన్నాను. బయటికొచ్చాను. ఏమిటో, చాలా తేలిగ్గా ఉంది. పరిగెత్తాలనిపించింది.

ఏప్రిల్ 11, శనివారం

హెడ్‌మాస్టరు ఫోన్ చేశాడు. నాకు కాదు, మిమూన్‌కి. ఇరవై రెండో తేదీన మెక్నేస్‌లో చెవుల పరీక్ష. దాని తర్వాతే బడి సంగతి. సరే.

మైదానంలో: ఇబ్తిసామ్ విని వేలు చూపించేది, నేను అటు పరుగు. వెళ్ళేసరికి ఖాళీ గడ్డి. నాలుగుసార్లు ఖాళీ. అయిదోసారి దొరికింది. తోక అంచు ఇటుక రంగు. ఆరోసారి కూడా ఇటుక రంగే. ఈ జుట్టుపిట్టలకి నా మీద ఏం పగ?

ఏప్రిల్ 12, ఆదివారం

కనిపెట్టాను, కనిపెట్టాను!

పరిగెత్తితే అది పరిగెడుతుంది. నిలబడి చూస్తే దుబ్బుల పైభాగాలే కనబడతాయి. అందుకని ఈ రోజు పడుకున్నాను. బోర్లా. గడ్డం నేలకి ఆనించి. తొమ్మిదో మేకు పక్కనే, కంబళి కప్పుకుని, మంచులో. హల్ఫా దుబ్బులు పైన కలిసిపోయి ఉంటాయి కానీ, కింద వాటి మధ్య సందులున్నాయి! వీధుల్లా ఉన్నాయి! ఈ చివర నుంచి ఆ చివర దాకా కనబడుతున్నాయి!

అరగంట. మోచేతులు మొద్దుబారాయి. ఒక వీధిలో ఏదో అడ్డంగా దాటింది. ఎలుక అనుకున్నాను. రెండో వీధి దాటింది. మూడో వీధి మధ్యలో ఆగింది. నిటారుగా, ఎవరో పిలిచినట్టు.

పొడుగు ముక్కు. ఆగు యామ్నా, ముక్కు చూసి ఎగిరిపడకు. మెడ సన్నం. కాళ్ళు పొడుగు. తల ఇటు తిప్పింది. కొప్పు లేదు. నెత్తి మధ్యలో పాపిడి!

పిట్ట వెనక నుంచి సూర్యుడు అప్పుడే నేలకి సమానంగా వస్తున్నాడు. పిట్ట ముక్కు తెరిచింది. గొంతు ఉబ్బింది. ముక్కులోంచి సన్నటి తెల్లటి ఆవిరి, రెండు చిన్న చుక్కలు, తర్వాత ఒక పొడుగాటి తీగ పైకి లేచి వంగి కరిగిపోయింది. మళ్ళీ రెండు చుక్కలు. మళ్ళీ తీగ.

అదే పాట. నాకు తెలిసిన పాటే. నా కళ్ళ ముందు గాలిలో రాసి చూపిస్తోంది!

ఒక్క శబ్దం లేదు. అయినా మొత్తం తెలిసింది. అలాగే మంచులో పడుకుని దాంతో పాటు లెక్కపెట్టాను. పద్నాలుగుసార్లు పాడింది.

ఏప్రిల్ 13, సోమవారం

వివరంగా రాయాలి, ఒక్క ముక్క కూడా పోకూడదు.

నాయిబ్ బాస్సూ తెల్లవారకముందే గాడిద మీద వచ్చాడు, కాళ్ళ దాకా జారే ఉన్ని జెల్లాబా తొడుక్కుని. ఇబ్తిసామ్‌ని దూరంగా ఉండమన్నాడు. "టీచరమ్మే చూపించాలి."

"అయితే పడుకోండి" అన్నాను.

"ఏంటీ?"

"బోర్లా పడుకోవాలి నాయిబ్ గారూ. గడ్డం నేలకి ఆనాలి."

"నా వయసేంటి, నా పొట్టేంటి? ఎవరైనా చూస్తే నాయిబ్ పోయాడని ఏడుపులు మొదలెడతారు!" అంటూనే పడుకున్నాడు. పొట్ట వల్ల గడ్డం నేలకి అందలేదు. ఒక గుంట వెతికి అందులో సర్దాను. దగ్గరగా ఉంటే ఆయన లావు గొంతు నాకు బాగానే వినబడుతుంది. అదో అదృష్టం.

కాసేపటికి ఆయన నా భుజం పొడిచాడు. "అదిగో! పొడుగు ముక్కు! ఒప్పుకున్నాను, లేస్తాను."

"అది జుట్టుపిట్ట."

నాయిబ్ నా వైపు వింతగా చూశాడు. నిజమే. ఒప్పుకున్నవాణ్ణి ఎవరైనా కాదంటారా? "అవును" అంటే అక్కడితో పనైపోయేది. కానీ చెవిటి సున్నాలు పోయాయి కదా అని గుడ్డి ఒకటి వేస్తానా!

"నెత్తి వెనక చూడండి, కొప్పు. ఇప్పుడు చప్పట్లు కొడతాను, తోక చూడండి." కొట్టాను. ఎగిరింది. "ఏ రంగు?"

"ఇటుక… ఇటుక రంగు."

"పరుగుపిట్టకి తెలుపు. అది ఎగరదు కూడా, జారిపోతుంది. పడుకోండి."

మళ్ళీ పడుకున్నాడు. సూర్యుడు వచ్చాడు. ఏమీ లేదు. ఆయన తుమ్మాడు. ఏమీ లేదు. రాదేమో. నిన్నటిది ఒక్కటేనేమో. ఆయన చేతులు నేల మీద ఆనించి లేవబోయాడు. అప్పుడు నడుమ వీధిలో ఒక నీడ అడ్డం దాటింది. నేను ఆయన మెడ పట్టి కిందికి నొక్కాను. అవును, నాయిబ్ మెడ!

ఆగింది. నిటారుగా. ముక్కులో పచ్చటి పురుగు వేలాడుతోంది. నేను మాట్లాడలేదు. నేర్పినది చాలు, ఇక పిల్లవాడే చెప్పాలి. బడిలో ఇరవై ఎనిమిదేళ్ళు చేసిన పని అదేగా.

"కొప్పు లేదు…" నాయిబ్ పెదవులు కదిలాయి. "పాపిడి ఉంది. టీచరమ్మా, పాపిడి ఉంది! మెడ చూడు, పొగరు చూడు!" పిట్ట ఒక్క పరుగున రెండు వీధులు దాటి దుబ్బు కింద దూరింది. బయటికొచ్చినప్పుడు ముక్కు ఖాళీ. "పురుగేమైంది?"

"ఏమైందంటారు?"

ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. "పిల్లలున్నాయి! లోపల పిల్లలున్నాయి!"

నాయిబ్ ఎగిరి లేచాడు. పిట్ట దడుచుకుని ఈసారి నిజంగానే ఎగిరింది. మా ఇద్దరి నెత్తి మీదుగా, తోక విప్పుకుని. "తెలుపు!" అని అరిచాడు. "తెల్ల అంచు! తెలుపే!" ఎంత గట్టిగా అరిచాడంటే దూరంగా నిలబడ్డ ఇబ్తిసామ్ పరిగెత్తుకొచ్చింది. జెల్లాబా నిండా మంచు, గడ్డం నిండా మట్టి, ఆమెకి పాపిడి గురించి పాఠం మొదలుపెట్టాడు.

సాయంత్రం కబురు వచ్చింది. ఏడో మేకు నుంచి పన్నెండో మేకు దాకా కౌలులోంచి తీసేశారు. మిగతా ఆరు మేకుల భూమి, మళ్ళీ లెక్క పూర్తయ్యే దాకా ఎవరికీ ఇవ్వరు. లెక్క ఇబ్తిసామ్ చెవులు, నా కళ్ళు కలిసి చేయాలట. నాయిబే అలా రాయించాడు.

ఏప్రిల్ 14, మంగళవారం

ఇంకా చీకటి విడలేదు. మిమూన్ భుజం తట్టి, ఇబ్తిసామ్ కారు వచ్చిందని చేత్తో చూపించాడు. కంబళి, బార్లీ రొట్టె, టీ ఫ్లాస్కు సర్దుకున్నాను. మొదటి మేకు నుంచి మొదలుపెట్టాలి. మిగతాది వచ్చాక రాస్తాను, ఎండెక్కితే మంచు కరిగిపోతుంది!